పుల్ల తీసిన వేరు

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ రోజు మా పెద్దమ్మ కూతురు వచ్చింది. చైనాలో షాన్సీ రాష్ట్రం, తైయువాన్ నగరంలో ఎంబీబీఎస్ చదివింది. ఇప్పుడు విజయవాడలో డాక్టరు. అక్కా, ఆ డబ్బాలో ఏముంది?

అక్క: చెయ్యి చాపు. చూసి నువ్వే చెప్పు.

తమ్ముడు: వేలెడంత పొడవుంది. పెన్సిల్ కంటే సన్నం. పసుపులో కాస్త బూడిద కలిపినట్టు రంగు. ఒంటినిండా అడ్డంగా ముడతలు. అరే, లోపలంతా బోలుగా ఉందే! ఇటు నుంచి చూస్తే అటు వెలుతురు కనిపిస్తోంది.

అక్క: ఒక మొక్క వేరు అది. బోలుగా పుట్టలేదు, మధ్యలో ఉన్న పుల్లని లాగేశారు. పేరు యువాన్‌జి. మనసు కుదుటపడటానికి, నిద్ర పట్టడానికి, మతిమరుపుకి, కఫానికి చైనా సంప్రదాయ వైద్యంలో వాడతారు. వాళ్ళ అతి పాత మూలికల గ్రంథం షెన్నుంగ్ బెన్‌త్సావ్ జింగ్‌లోనే ఉంది. అందులో మందుల్ని మూడు తరగతులుగా విడదీస్తే, ఇది పైతరగతిలో ఉంది.

తమ్ముడు: పుల్ల ఎందుకు తీయడం?

అక్క: అది ఉంటే మనసుకి చిరాకు పుడుతుందని పాత వైద్యుల మాట. తీసే పద్ధతి చెప్తాను విను. వేరు తవ్వి, మట్టి దులిపి, కాసేపు ఎండలో పెడతారు. పూర్తిగా ఎండనివ్వరు, వాడి మెత్తబడాలి. అప్పుడు అరచేత్తో అదిమి దొర్లిస్తే లోపలి పుల్ల, పైకండ వేరుపడతాయి. ఒక కొస పట్టుకుని నెమ్మదిగా లాగాలి. చిరగకుండా గొట్టంలా వస్తే దానికే ఎక్కువ ధర. ఇప్పుడు పుల్లతో సహా ఎండబెట్టిందీ అమ్ముతున్నారు. నాకు మాత్రం ఈ గొట్టం చూస్తే దాని వెనక ఉన్న చేతులే గుర్తొస్తాయి.

తమ్ముడు: పేరుకి అర్థం ఏమైనా ఉందా?

అక్క: యువాన్ అంటే దూరం, జి అంటే సంకల్పం. అంటే దూరాన ఉన్నదాని మీద నిలిచిన మనసు. వాళ్ళ శాస్త్రంలో గుండె ప్రాణచైతన్యానికి ఇల్లు, మూత్రపిండాలు సంకల్పానికి ఇల్లు. గుండె నిప్పు కిందికి దిగాలి, మూత్రపిండాల నీరు పైకి ఎక్కాలి. ఆ రెండూ కలవనప్పుడు మనిషి రాత్రంతా కళ్ళు తెరుచుకుని పడుకుంటాడంటారు. ఈ వేరు రెంటికీ మధ్య దారి తెరుస్తుందని నమ్మకం. నేను చదివిన వైద్యం ఈ భాషలో మాట్లాడదు. కానీ నిద్రపట్టని మనిషి అవస్థని ఇంత చక్కగా చెప్పిన మాట నేను ఇంకెక్కడా వినలేదు.

తమ్ముడు: ఈ వేరు మీద ఏదో కథ ఉందన్నావు ఫోన్‌లో.

అక్క: 4వ శతాబ్దం నాటిది. షియె ఆన్ అనే పెద్దమనిషి పదవులు వద్దని చాలాకాలం తూర్పుకొండలో ఏకాంతంగా ఉన్నాడు. చివరికి హువాన్ వెన్ అనే సేనాపతి దగ్గర కొలువుకి ఒప్పుకున్నాడు. ఒకరోజు ఎవరో మూలికలు కానుకగా తెచ్చారు, వాటిలో ఈ వేరుంది. ఈ మొక్కకి ఇంకో పేరు చిన్నగడ్డి. ఒకే దానికి రెండు పేర్లేంటని సేనాపతి అడిగాడు. పక్కనే ఉన్న హావో లుంగ్ చటుక్కున అందుకున్నాడు: లోపల దాగి ఉంటే దూరసంకల్పం, బయటికొస్తే చిన్నగడ్డి.

తమ్ముడు: అబ్బా! షియె ఆన్ ఎదురుగానే?

అక్క: ఎదురుగానే. పాపం ఆయన ముఖం చిన్నబోయిందట. మా ప్రొఫెసర్ ఈ కథ చెప్పాకే ఆ పేరు నా నోటికి ఎక్కింది. మట్టిలో ఉన్న వేరుకి ఒక పేరు, పైన కనపడే ఆకుకి ఇంకో పేరు.

తమ్ముడు: నువ్వెప్పుడైనా వాడావా?

అక్క: వాడాను, తప్పుగా వాడాను. రెండో ఏడు పరీక్షలప్పుడు టెన్షన్‌తో నిద్ర లేదు. బజార్లో ఒక మూలికల కొట్టుకి వెళ్ళి, చీటీ లేకుండా, శుద్ధి చెయ్యని పచ్చి వేళ్ళు గుప్పెడు కొన్నాను. హాస్టల్‌కొచ్చి మరిగించి గ్లాసుడు తాగేశాను. గంట తిరక్కుండా కడుపులో తిప్పడం, వాంతులు. నిద్ర మాట దేవుడెరుగు, తెల్లార్లూ బకెట్ పక్కనే కూర్చున్నాను.

తమ్ముడు: మనసుని శాంతపరిచే వేరు అలా చేసిందేంటి?

అక్క: అందులో సపోనిన్లు ఉంటాయి. కుంకుడుకాయ నురగ తెలుసుగా, ఆ జాతి పదార్థాలే. అవి కడుపు గోడని గీరతాయి. కఫం కరగడానికి కూడా ఆ గుణమే పనికొస్తుంది. అందుకే పచ్చిది నేరుగా లోపలికి వాడటం తక్కువ. అతిమధురం మరిగించి, పిప్పి తీసేసి, ఆ నీళ్ళలో ఈ వేళ్ళు వేసి, నీరంతా పీల్చుకునేదాకా సన్నటి సెగ మీద ఉంచి ఎండబెడతారు. 100 కిలోల వేళ్ళకి 6 కిలోల అతిమధురం. చైనా ఫార్మకోపియా, అంటే అక్కడి అధికారిక మందుల గ్రంథం, చెప్పే మోతాదు రోజుకి 3 నుంచి 10 గ్రాములు. గుప్పెడు కాదు.

తమ్ముడు: అంటే అతిమధురం పక్కన లేకపోతే ఇది కోపిష్ఠిదే.

అక్క: అంతే. మందుగా ఇచ్చేటప్పుడు కూడా దీన్ని ఒంటరిగా ఇవ్వడం తక్కువే. 7వ శతాబ్దంలో సున్ సిమియావ్ అనే వైద్యుడు రాసిన మతిమరుపు మందు ఒకటుంది. పేరు కైషిన్‌సాన్, హృదయం తెరిచే పొడి అని. జిన్సెంగ్, ఫూలింగ్ అనే పుట్టగొడుగు జాతి, ఈ వేరు, నాలుగోది వాళ్ళ వస. మన వసకొమ్ముకి స్వయానా చెల్లెలు.

తమ్ముడు: వసపిట్టలా వాగకు అని మా నాయనమ్మ నన్ను తిట్టేది, ఆ వసేనా?

అక్క: ఆ వస కుటుంబమే. మాటలు బాగా రావాలని మనవాళ్ళు పసిపిల్లలకి అరగదీసి నాకిస్తారు, వాళ్ళేమో మతిమరుపుకి ఇస్తారు. మాటా జ్ఞాపకమూ రెండు చోట్లా అదే జాతి దుంప చుట్టూ తిరగడం నాకు ఆశ్చర్యం. డాక్టరుగా మాత్రం పసివాళ్ళకి వస వద్దనే చెప్తాను.

తమ్ముడు: మా అమ్మకి నిద్ర పట్టడం లేదక్కా. ఈ వేరు పొడి క్యాప్సూల్స్ ఆన్‌లైన్‌లో చూశాను. తెప్పించనా?

అక్క: వద్దురా. పిన్నికి గ్యాస్ ట్రబుల్ ఉంది, పైగా బీపీ మాత్రలు వేసుకుంటోంది. కడుపులో పుండు, గ్యాస్ట్రైటిస్ ఉన్నవాళ్ళకి చైనా వైద్యులే దీన్ని జాగ్రత్తగా ఇస్తారు. గర్భిణులూ నిద్రమాత్రలు వాడేవాళ్ళూ సొంతంగా ముట్టుకోకూడదు. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఇందులోని టెనుయిఫోలిన్ అనే పదార్థం నిద్ర పెంచింది. మనుషుల మీద పెద్ద పరీక్షలు తక్కువ. పైగా ఆ సీసాలో వేరుకి అతిమధురం పట్టించారో లేదో నీకెలా తెలుస్తుంది? పిన్నిని ఆదివారం నా దగ్గరికి తీసుకురా. నిద్ర ఎందుకు పట్టట్లేదో ముందు అడుగుదాం.

తమ్ముడు: సరే, తీసుకొస్తాను. దీని రుచి చూడొచ్చా?

అక్క: గోరంత తుంచుకో. నమిలి ఉమ్మెయ్, మింగకు.

తమ్ముడు: చేదు... కాస్త ఘాటు కూడా ఉంది. ఆగు, గొంతులో గుచ్చుతోంది. సన్నటి ముళ్ళలా.

అక్క: పచ్చి వేరుని అలాగే గుర్తుపడతారు. ఇదిగో, ఈ పుల్ల బుగ్గన పెట్టుకో.

తమ్ముడు: ఇదేంటి? తియ్యగా ఉంది.

అక్క: అతిమధురం. గుచ్చడం తగ్గిందా?

తమ్ముడు: తగ్గుతోంది.