దొంతర పేర్చేది రోబో ఒక్కటే కాదు

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల పేర్లు వరసగా చెప్పి మొదలుపెట్టడం మన అలవాటు. ఇవాళ ఆ నాలుగు నిమిషాలు నాకు పిల్లల కోసం కావాలి. అందుకని అందరికీ కలిపి ఒక్కటే నమస్కారం, పెద్దలు మన్నించాలి.

ఈ ఎండల్లో పాలకొల్లు నుంచి, నరసాపురం నుంచి, ఆకివీడు నుంచి ఇంతమంది పిల్లలు రోబోల కోసం భీమవరం వచ్చి కూర్చోవడం చూస్తుంటే కడుపు నిండినట్టుంది. నాకు ఇచ్చిన అంశం రోబోటిక్స్‌లో అవకాశాలు. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను బయట గోడకి అంటించిన జట్ల జాబితా గురించి మాట్లాడతాను. ప్రోగ్రామింగ్ ఫలానా, మెకానికల్ ఫలానా, ఎలక్ట్రికల్ ఫలానా, ఆ తరవాత డ్రైవర్, కోచ్. అట్టడుగున హ్యూమన్ ప్లేయర్, అంటే మైదానం అంచున నిలబడి ఆటలో చేయివేసే మనిషి. రెండు జట్లకైతే ఆ గడి ఖాళీగా ఉంది. పని దొరకనివాడిని ఆఖర్న అక్కడ నిలబెడదాంలే అనుకున్నారన్నమాట. ఆ గడి గురించే నా ప్రసంగమంతా.

ఫస్ట్ (FIRST) అనే అమెరికా సంస్థ విద్యార్థుల కోసం 1992 నుంచి నడుపుతున్న రోబోటిక్స్ పోటీల్లో మైదానంలో తిరిగేది రోబోయే అయినా, అంచున నిలబడే మనిషికి కూడా ఏళ్ల తరబడి ఏదో ఒక పని ఉంటూనే వచ్చింది. 2003లో ఆడిన స్టాక్ అటాక్ చూడండి. రోబో తనంతట తాను నడిచే ఆటోనమస్ ఘట్టం మొదటిసారి పెట్టింది ఆ ఏడాదే. మొత్తం 45 ప్లాస్టిక్ పెట్టెలు. అందులో 29 మధ్యనున్న ర్యాంప్ మీద గోడలా పేర్చి ఉంటే, మిగతా 16 నలుగురు హ్యూమన్ ప్లేయర్ల చేతిలో, ఒక్కొక్కరికి నాలుగు. రోబోలు కదలకముందే వీళ్లు తమ జోన్‌లో వాటిని చేత్తో పెట్టుకోవాలి. అన్నిటికంటే ఎత్తయిన దొంతరే గుణకం, జోన్‌లోని పెట్టెల లెక్కని దాని ఎత్తుతో హెచ్చిస్తారు. ఇక ఆలోచించండి. నాలుగూ ఒకదాని మీద ఒకటి పెడితే గుణకం పెద్దదే, కానీ అవతలి రోబో ఒక్కసారి తగిలితే దొంతర కూలి గుణకం పోతుంది. జోన్ నిండా పెట్టెలున్నా స్కోరు కుప్పకూలుతుంది. చిన్న దొంతరలుగా విడదీస్తే పడగొట్టడం కష్టం, కానీ గుణకం పెరగదు. ర్యాంప్ దిగి వచ్చే దారికి ఎదురుగా పెట్టాలా, పక్కకి పెట్టాలా? మన రోబో తిరగడానికి చోటు మిగులుతుందా? ఆ నిర్ణయం కోడ్ రాసినవాడిది కాదు, పెట్టె చేత పట్టుకున్నవాడిది.

ఇప్పుడు మీరు సాధన కోసం ఎంచుకున్న ఆటకి వద్దాం. 2015 నాటి రీసైకిల్ రష్. లెక్క అందరికీ తెలిసిందే అయినా ఒకసారి చెబుతాను. మైదానంలోని స్కోరింగ్ వేదిక మీద పేర్చిన బూడిదరంగు టోట్, అంటే ప్లాస్టిక్ పెట్టె, ఒక్కోదానికి 2 పాయింట్లు. దొంతర మీద రీసైక్లింగ్ డబ్బా పెడితే దాని కింద ఎన్ని టోట్‌లున్నాయో ఆ అంకెని నాలుగుతో హెచ్చించాలి. డబ్బాలో నూడిల్, అంటే పొడవాటి మెత్తని ఫోమ్ గొట్టం, ఉంటే మరో 6. ఆరు టోట్‌లు, పైన డబ్బా, అందులో నూడిల్: 12, 24, 6, మొత్తం 42. ఒక టోట్ తగ్గితే దాని 2 పోతాయి, డబ్బా ఒక అంతస్తు దిగి మరో 4 పోతాయి. నూడిల్ మరిచిపోయినా పోయేది ఆరే. ఈ టోట్‌లలో చాలావాటినీ నూడిల్‌నీ మైదానంలోకి పంపేది హ్యూమన్ ప్లేయరే.

పంపడమంటే ఏముంది, చ్యూట్‌లోకి, అంటే మైదానంలోకి దిగే జారుడు బల్లలోకి, జారవిడవడమేగా అంటారు. కాదండీ. ఆ చివర రోబో ఏం చేస్తోందో చూడండి. చాలా రోబోలు కిందినుంచి పేరుస్తాయి. ఉన్న దొంతరని లిఫ్ట్ ఒక టోట్ ఎత్తు పైకి లేపుతుంది, కొత్త టోట్ కిందకి జారి వస్తుంది, దొంతర దిగి దాని మీద కూర్చుంటుంది, కొక్కేలు కిందికి వెళ్లి కొత్త టోట్‌ని పట్టుకుని మళ్లీ లేస్తాయి. ఈ లయలో ఎప్పుడు వదలాలో ఒకే ఒక్క క్షణం ఉంటుంది. లిఫ్ట్ పూర్తిగా లేవకముందే వదిలారా, జారివచ్చిన టోట్ పై టోట్ పక్కగోడకి కొట్టుకుని వంకరగా ఇరుక్కుంటుంది. డ్రైవర్ రోబోని వెనక్కి తీసి, సరిచేసుకుని, మళ్లీ చ్యూట్‌కి ఆనించాలి. ఆలస్యంగా వదిలారా, రోబో ఊరికే నిలబడి ఉంటుంది.

ఊరికే నిలబడితే ఎంత నష్టమో వేసి చూపిస్తాను. ఆటోనమస్ 15 సెకన్లు పోగా డ్రైవర్ చేతిలో ఉండేవి 135 సెకన్లు. డబ్బా పట్టుకోవడానికి, నూడిల్ పెట్టుకోవడానికి 8, మోసుకెళ్లి దించి తిరిగి రావడానికి 15 సెకన్లు అనుకుందాం. టోట్‌కి 4 సెకన్ల చొప్పున ఆరింటికి 24. ఒక దొంతరకి 47. మూడు దొంతరలకి 141. సమయం చాలదు, మూడోది వేదిక చేరకుండానే గంట మోగుతుంది. అదే టోట్‌కి మూడున్నర సెకన్లయితే దొంతరకి 44, మూడింటికి 132. గట్టెక్కేశారు. టోట్‌కి అర సెకను, అంతే తేడా. మూడో దొంతర 42 పాయింట్లు ఆ అర సెకనులో ఉన్నాయి. మోటారు గేర్లు మార్చి, లిఫ్ట్ వేగం పెంచి ఆ అర సెకను సంపాదించడానికి రాత్రుళ్లు మేలుకుంటారు కదా, అదే అర సెకను ఇవతల నిలబడ్డ మనిషి చేతిలో ఉచితంగా ఉంది. ఆ గడి ఖాళీగా వదిలేస్తారా?

ఈ విద్య మనకి కొత్త కాదు. చెరువు గట్టు మీద పట్టుబడి రోజున చేపల ట్రేలు లారీకెక్కించడం చూడనివాళ్లు ఈ హాల్లో ఉండరు. కిందివాడు ట్రే నడుం దాకా లేపి ఆగుతాడు. పైవాడి చేతులు ఖాళీ అయి కిందకి చాచాకే అందిస్తాడు. మాటల్లేవు, అరుపుల్లేవు, వాడి కళ్లు పైవాడి చేతుల మీదే ఉంటాయి. ఒక్క క్షణం ముందు తోస్తే చేప నేలపాలు. హ్యూమన్ ప్లేయర్ కూడా డ్రైవర్ ముఖం చూడకూడదు, లిఫ్ట్ కొక్కేల్ని చూడాలి. హాల్లో ఆ హోరులో ‘వెయ్, వెయ్’ అని అరిస్తే వినపడదు, పక్క జట్టువాడి అరుపుకి మీవాడు వదిలేస్తాడు. లిఫ్ట్ పైకి చేరినప్పుడు తగిలే లిమిట్ స్విచ్‌కి ఒక పచ్చ లైటు కలపండి, చ్యూట్ వైపు కనపడేలా బిగించండి. లైటు వెలిగితే వదలాలి, ఆరితే ఆపాలి. రెండు వైర్ల పని.

అలాగని మిల్లులో బస్తాల నెట్టు చూసి టోట్‌లు పేర్చకండి. నెట్టులో వరసకీ వరసకీ బస్తాలు అడ్డం మార్చి వేస్తారు, అప్పుడే కదలదు. టోట్ అలా కాదు, పై టోట్ అడుగు కింది టోట్ అంచులో దిగి కూర్చోవాలి. ప్రతిదీ ఒకే ముఖంగా, మూతి పైకి, పొడవు ఒకే వైపు ఉండాలి. ఒక్కటి అడ్డం తిరిగినా పైన ఉన్నవన్నీ దాని మీద ఊగుతుంటాయి, రోబో మలుపు తిరిగేటప్పుడు పడతాయి. అప్పుడందరూ డ్రైవర్‌ని తిడతారు. తప్పు అంతకు ముప్పై సెకన్ల ముందే చ్యూట్ దగ్గర జరిగింది.

నూడిల్ సంగతి. దొంతర కిందినుంచి పెరుగుతుంది కాబట్టి డబ్బా మొదటే లిఫ్ట్‌లోకి ఎక్కాలి. నూడిల్ అప్పుడే, డబ్బా కింద ఉన్నప్పుడే పడాలి. మూడు టోట్‌లయ్యాక గుర్తొస్తే ఇక అందదు. అందుకని వరస నోటికి రావాలి: డబ్బా, నూడిల్, ఆరు టోట్‌లు. టోట్ వదిలేటప్పుడు అంకె పైకి చెప్పండి. మనసులో లెక్కపెట్టుకునేవాడు నాలుగు దగ్గర తప్పిపోతాడు, ఐదుకే ఆపేస్తాడు లేదా ఏడోది వదులుతాడు. చివరి 20 సెకన్లలో మిగిలిన నూడిల్స్ అవతలి పక్షం వైపు విసరొచ్చు. అక్కడ అలాగే పడి ఉంటే ఒక్కోదానికి 4 పాయింట్లు. డబ్బాలో వేస్తే 6. కాబట్టి విసరడం కోసం దాచుకోకండి, డబ్బాలకి సరిపోగా మిగిలినవే విసరండి.

ఆటోనమస్ గురించి కూడా రాసుకొచ్చాను. అది పక్కన పెడుతున్నాను, ఈ ఖాళీ గడి విషయమే నాకు ముఖ్యం.

సాధనకి అసలు టోట్‌లే అక్కర్లేదు. మన చేపల ట్రేలు, కూరగాయల క్రేట్లు చాలు. టోట్ బరువు సుమారు మూడున్నర కిలోలు. క్రేటుని కాటా మీద పెట్టి తక్కువైనంత ఇసుక మూట కట్టి సరిచేయండి. మూట అడుగున నడిమధ్య బిగించాలి, పక్కకి జారితే జారుడు బల్ల మీద క్రేటు తిరిగిపోతుంది. కింద పాదాలు పెట్టే చోట టేపుతో గీత వేయండి. రెండో మనిషి వెనకనుంచి తరవాతి క్రేటు ఎడమచేతి పక్క పెడుతూ ఉండాలి, వంగి వెతుక్కోవడంలోనే ఒక సెకను పోతుంది. వేళ్లు ఎప్పుడూ క్రేటు వెనక అంచునే ఉండాలి, పక్కన పట్టుకుంటే చ్యూట్ గోడకి నలుగుతాయి. మన ఉక్కకి చేతులు చెమటపడతాయి, నడుముకి ఒక పొడి తువ్వాలు కట్టుకోండి, సిగ్గేమీ లేదు. ముందు రోబో లేకుండా ఆరు క్రేట్లు, పచ్చ లైటు ఒకరు చేత్తో వెలిగిస్తూ ఉండాలి. కావాలని ఒక్కోసారి ఆలస్యంగా వెలిగించండి, లైటు రాకుండా వదిలితే ఆ దొంతర మొదటినుంచి. ఇరవై దొంతరలు తప్పు లేకుండా వచ్చాకే రోబో పెట్టండి.

తల్లిదండ్రులకి ఒక మాట. మీ అమ్మాయిని హ్యూమన్ ప్లేయర్ అన్నారని చిన్నబుచ్చుకోకండి. దొంతరకి 42 పాయింట్లు ఆమె చేతిమీదుగానే వెళ్తున్నాయి.

గడి ఖాళీగా ఉన్న రెండు జట్లూ ఇలా ముందుకి రండమ్మా. మాస్టారూ, ఆ మూలనున్న క్రేట్లు పద్దెనిమిది దింపించండి, ఒక టేపు చుట్టా స్టాప్‌వాచీ ఇప్పించండి. మీలో ఎవరు నిలబడతారో ఇప్పుడే తేల్చుకోండి. పేరు నేను గోడ మీద రాస్తాను.