ఆక్సిజన్ లేని భూమ్మీద జీవం ఎలా మొదలైంది?

[తెర మీద: చీకటి ఆకాశం]

విశ్వం పుట్టినప్పుడు ఆక్సిజన్ లేదు. భూమి పుట్టినప్పుడు గాలిలో ఆక్సిజన్ లేదు. జీవం మొదలైనప్పుడూ లేదు. ఇవాళ మనం పీల్చే గాలిలో మాత్రం 21 శాతం అదే. మరి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని వెళదాం. విశ్వం కథ, జీవం కథ రెండూ దాని వెంటే వస్తాయి.

బిగ్ బ్యాంగ్ జరిగి సుమారు 1380 కోట్ల ఏళ్లు. మొదటి ఇరవై నిమిషాల్లో తయారైన సరుకు హైడ్రోజన్, హీలియం, పిసరంత లిథియం. ఈలోగా విశ్వం విస్తరించి చల్లబడింది, అక్కడితో ఆ పని ఆగిపోయింది. మిగతా మూలకాల కోసం నక్షత్రాలు పుట్టేదాకా ఆగాల్సి వచ్చింది.

నక్షత్రం నడిబొడ్డున వేడి పది కోట్ల డిగ్రీలకు చేరితే మూడు హీలియం కేంద్రకాలు కలిసి ఒక కార్బన్ అవుతుంది. దానికి ఇంకో హీలియం తోడైతే ఆక్సిజన్. కానీ మూడు కేంద్రకాలు అలా కలవడం చాలా అరుదు. అందుకే 1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్, కార్బన్ కేంద్రకానికి ఫలానా శక్తి స్థాయి ఒకటి ఉండి తీరాలని లెక్కగట్టారు. అది లేకపోతే విశ్వంలో ఇంత కార్బన్ ఉండదన్నది ఆయన వాదన. అమెరికాలోని కాల్టెక్ ల్యాబ్‌లో వెతికితే దాదాపు ఆయన చెప్పిన చోటే అది దొరికింది. ఆకాశంలో నక్షత్రాల లెక్కతో కేంద్రకం లోపలి సంగతి ముందే చెప్పగలగడం ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యమే.

ఆ నక్షత్రాలు చనిపోతూ తమలోని సరుకంతా అంతరిక్షంలోకి వెదజల్లాయి. అలాంటి ధూళి, వాయువుల్లోంచే దాదాపు 460 కోట్ల ఏళ్ల కిందట సూర్యుడు, ఆ వెంటే భూమి పుట్టాయి. భూమి పైపొర బరువులో దాదాపు సగం ఆక్సిజనే. అంటే దానికి లోటు లేదు. కాకపోతే అంతా రాళ్లలో సిలికాన్‌తోనూ, నీళ్లలో హైడ్రోజన్‌తోనూ కట్టుబడి ఉంది. గాలిలో విడిగా తిరిగేది లేదు.

జీవం పుట్టడానికి అదే మేలైంది. సున్నితమైన కార్బన్ అణువులను ఆక్సిజన్ బతకనివ్వదు. 1920ల్లో రష్యాలో ఒపారిన్, ఇంగ్లండ్‌లో హాల్డేన్ అనే శాస్త్రవేత్తలు ఈ దారిలోనే ఆలోచించారు. ఆక్సిజన్ లేని గాలి, సముద్రాల్లో పోగుపడిన కార్బన్ పదార్థాలు, అక్కడే తొలి జీవం. (ఈ హాల్డేన్ తర్వాత మన దేశానికే వచ్చి స్థిరపడ్డారు. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాక, ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు.)

[తెర మీద: రెండు గాజు ఫ్లాస్కులు, మధ్యలో గొట్టాలు, నిప్పురవ్వలు]

ఒపారిన్, హాల్డేన్‌ల ఆలోచనను ల్యాబ్‌లో పరీక్షించి చూసింది షికాగో విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ యూరే దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థి స్టాన్లీ మిల్లర్. కింది ఫ్లాస్కులో నీళ్లు మరుగుతుంటాయి. పై ఫ్లాస్కులో మీథేన్, అమోనియా, హైడ్రోజన్, వాటి మధ్య మెరుపుల్లా విద్యుత్తు. ఒక రోజు గడిచేసరికి నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. వారానికి చిక్కటి ఎరుపు. పరీక్షిస్తే ప్రోటీన్లకు మూలమైన అమైనో ఆమ్లాలు కనిపించాయి. 1953లో అచ్చయిన ఫలితం ఇది. ఆయన దాచిన పాత సీసాలను 2008లో కొత్త పరికరాలతో చూస్తే ఇరవైకి పైగా రకాలు దొరికాయి.

అయితే అమైనో ఆమ్లం జీవం కాదు. పైగా అప్పటి గాలిలో మీథేన్, అమోనియా కన్నా కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ ఎక్కువ ఉండేవని ఇప్పుడు చాలామంది అంటున్నారు. సముద్రం అడుగున వేడి నీటి బుగ్గల దగ్గరే అంతా మొదలైందని ఇంకొందరి వాదన. ఈ తగువు ఇంకా తేలలేదు. నా మొగ్గు బుగ్గల వైపే, ఎందుకంటే అక్కడ మెరుపులతో పని లేకుండా రసాయన శక్తి నిరంతరం అందుతుంది.

[తెర మీద: అలలు అలలుగా పొరలున్న బూడిద రంగు రాయి]

ఇక ఆక్సిజన్‌ను విడిపించిన వాళ్ల దగ్గరికి వద్దాం. సైనోబ్యాక్టీరియా. సూర్యకాంతితో నీటిని చీల్చి హైడ్రోజన్ వాడుకుని, ఆక్సిజన్‌ను వదిలేసే సూక్ష్మజీవులు. వాటి ఆనవాళ్లు చూడాలంటే కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు రాళ్లలో చూడొచ్చు. వీటిని స్ట్రోమటోలైట్లు అంటారు. అడ్డంగా కోస్తే ఉల్లిపాయ కోసినట్టు పొర మీద పొర. లోతు తక్కువున్న సముద్రంలో జిగట పొరలా పరుచుకున్న సూక్ష్మజీవుల మీద సున్నపు రేణువులు పడి అంటుకునేవి. వెలుతురు అందక అవి మళ్లీ పైకి పాకి కొత్త పొర కట్టేవి. అలా కట్టుకుంటూ పోయిన గుట్టలు దాదాపు 190 కోట్ల ఏళ్ల తర్వాత కూడా చెక్కుచెదరకుండా ఉన్నాయి. (వంటింట్లో వేసుకునే కడప బండలూ ఈ రాళ్లు పేరుకున్న పల్లం, అంటే కడప బేసిన్‌వే, కానీ అవి తర్వాతి కాలపు పొర.)

వేంపల్లె రాళ్ల కంటే ఎంతో ముందే ఈ పని మొదలైంది. వదిలిన ఆక్సిజన్ ముందు సముద్రంలో కరిగి ఉన్న ఇనుముకు తగిలి తుప్పై అడుగున పేరుకుంది. విశాఖ ఉక్కు కర్మాగారానికి ఛత్తీస్‌గఢ్‌ నుంచి వచ్చిన బైలదిల్లా ఖనిజం ఇలాంటి పురాతన ఇనుప పొరల్లోదే. తుప్పు పట్టే సరుకు తగ్గాక, సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట ఆక్సిజన్ గాలిలో నిలవడం మొదలైంది. అప్పటిదాకా బతికిన చాలా సూక్ష్మజీవులకు అది విషం. కొన్ని బురదలోకి, లోతుల్లోకి తప్పుకున్నాయి. కొన్ని దాన్నే వాడుకుని అంతకుముందు లేనంత శక్తి తీయడం నేర్చాయి. మనం ఆ రెండో వంశం.

చెట్ల ఆకుల్లో ఆక్సిజన్ వదిలే క్లోరోప్లాస్టులు కూడా, ఎప్పుడో వేరే కణం లోపలికి చేరి అక్కడే ఉండిపోయిన సైనోబ్యాక్టీరియా వారసులే. సొంత డీఎన్‌ఏ ఇప్పటికీ వాటిలో ఉంది. వరి మడిలో వేసే అజొల్లా ఆకుల్లోనైతే సైనోబ్యాక్టీరియానే నేరుగా కాపురం ఉంటుంది, గాలిలోని నత్రజనిని పైరుకు పనికొచ్చేలా మారుస్తుంది. ఆ పని చేసే ఎంజైము ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. అందుకని ఆక్సిజన్ లోపలికి చొరబడకుండా దళసరి గోడలున్న ప్రత్యేక కణాలను కట్టుకుని, వాటి లోపలే ఆ ఎంజైమును నడుపుకుంటుంది.