బండిలో జీపీఎస్ డబ్బా: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: మాచర్ల నుంచి లారీ ఓనరు గారు లైన్లో ఉన్నారు. అడగండి.

కాలర్: నమస్తే సార్. మా లారీ నల్లమల దారెక్కితే యాప్‌లో రెండు గంటలు దోర్నాల దగ్గరే ఆగిపోయి కనిపిస్తుంది. తర్వాత ఒక్కసారిగా ఎక్కడో తేలుతుంది. డ్రైవరేమో ఆపలేదంటాడు. అడవిలో శాటిలైట్‌కి కనపడదా?

నిపుణుడు: శాటిలైట్ మీ లారీని చూడదండీ. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి తానెక్కడుందో, టైమెంతో చెబుతూ పోతుంది, అంతే. కనీసం నాలుగింటి సిగ్నలు అందితే మీ డబ్బాయే తన చోటు లెక్కగడుతుంది. ఆ లెక్క మీ ఫోనుకి చేరేది డబ్బాలోని సిమ్ము ద్వారా. టవరు దొరక్కపోతే కబురు ఆగిపోతుంది. మంచి డబ్బా ఆ పాయింట్లన్నీ దాచుకుని, నెట్‌వర్కు రాగానే వరసగా పంపుతుంది. కాబట్టి లారీ అడవి దాటాక ఆ రోజు హిస్టరీ తెరవండి. రోడ్డు మలుపులన్నీ గీతలో పడి, టైములు చూస్తే ఎక్కడా ఒకే చోట ఎక్కువసేపు లేకపోతే మీ డ్రైవరు చెప్పింది నిజం. రెండు ఊళ్ల మధ్య తిన్నగా గీసినట్టుంటే ఆ పాయింట్లు పోయాయి. అంతమాత్రాన అతన్ని అనుమానించడం అన్యాయం.

కాలర్: ఇంకోటి సార్, బండి షెడ్డులో ఉన్నా ఇంజిన్ ఆన్ అంటోంది.

నిపుణుడు: కీ వైరు, అంటే కీ ఆన్‌లో ఉందో లేదో డబ్బాకి చెప్పే వైరు, తప్పు చోట కలిపి ఉంటారు. మల్టీమీటరు పెట్టించండి. ఆ వైరులో కీ ఆఫ్ చేస్తే సున్నా, ఆన్ చేస్తే సుమారు 24 వోల్టులు రావాలి. ఆఫ్‌లోనూ 24 ఉంటే అది నేరుగా బ్యాటరీ లైను. డబ్బా మీద 9–36 వోల్టులని రాసుందో లేదో కూడా చూడండి. 12 వోల్టులదైతే లారీలో కాలిపోతుంది.

యాంకర్: ఖమ్మం నుంచి కారు ఓనరు.

కాలర్: నెల రోజులు ఊరెళ్లొచ్చేసరికి బ్యాటరీ పడిపోయింది. జీపీఎస్ వల్లేనా?

నిపుణుడు: కావచ్చు. డబ్బా నిద్రలోకి పోకుండా 50 మిల్లీఆంపులు లాగుతోందనుకోండి, రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 20 రోజులకే 24 పోతాయి. ఇక సెల్ఫ్ తిరగదు. ముందు కీ వైరు సరిచూసి, స్లీప్ మోడ్ పెట్టించండి. అప్పుడు కరెంటు కొన్ని మిల్లీఆంపులకి దిగాలి. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకి ఫ్యూజు లేకపోతే వెంటనే వేయించండి, షార్టయితే మంటలే. డబ్బాని డాష్‌బోర్డు ప్లాస్టిక్ కింద, యాంటెనా వైపు ఆకాశానికి ఉండేలా పెట్టాలి. పైన ఇనప పట్టీ ఉండకూడదు.

యాంకర్: విశాఖ నుంచి క్యాబ్ నడిపే అమ్మ.

కాలర్: ఆన్‌లైన్లో చవకగా దొరికే డబ్బా నా క్యాబ్‌కి సరిపోతుందా అండీ?

నిపుణుడు: సరిపోదమ్మా. 2019 జనవరి 1 నుంచి రిజిస్టరైన క్యాబ్‌లకి ఏఐఎస్-140 అనే ట్రాకర్ల ప్రమాణం కింద ఆమోదం ఉన్నదే కావాలి, ఆపదలో నొక్కే పానిక్ బటన్‌తో సహా. బ్యాటరీ వైరు కోసేసినా లోపలి బ్యాటరీతో అది కనీసం 4 గంటలు పనిచేయాలి. బిగించినవాళ్లు మీ బండి నంబరుతో డబ్బా ఐఎంఈఐని, అంటే దాని గుర్తింపు నంబరుని, వాహన్ అనే ప్రభుత్వ వాహన రిజిస్ట్రేషన్ పోర్టల్‌లో ఎక్కించారో లేదో అడగండి. సిమ్ము గడువు తేదీ రాసి పెట్టుకోండి.

కాలర్: దొంగతనమైతే ఫోన్లోంచే ఇంజిన్ ఆపేయొచ్చంటున్నారు?

నిపుణుడు: పరుగులో ఉన్న బండిని మాత్రం ఆపకండమ్మా. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు రెండు మూడు తొక్కులకే గట్టిపడుతుంది. ఎదురుగా వచ్చేవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. రిలేని, అంటే ఫోన్ నుంచి చెప్పగానే లైను తెంచే స్విచ్‌ని, పెట్రోలు పంపుకి కాకుండా స్టార్టర్ లైనుకి వేయించండి. బండి ఒకసారి ఆగాక మళ్లీ స్టార్ట్ కాదు. ఈలోపు 112కి చేసి, లొకేషన్ పోలీసులకివ్వండి.