పిడుదులు వెతకబోయిన ప్రొఫెసర్: వంగారి మాథాయి

అందరికీ నమస్కారం.

వంగారి మాథాయి అనగానే చెట్లు గుర్తొస్తాయి, 2004లో వచ్చిన నోబెల్ శాంతి బహుమతి గుర్తొస్తుంది. ఆవిడ పశువైద్య కళాశాలలో అనాటమీ, అంటే శరీర నిర్మాణ శాస్త్రం, ప్రొఫెసర్ అన్న సంగతి వాటి చాటున పడిపోయింది. ఎదురుగా ఇంతమంది సైన్స్ విద్యార్థులున్నారు కాబట్టి ఇవాళ ఆ సంగతే చెప్తాను.

1940లో కెన్యాలోని న్యేరీ ప్రాంతంలో, ఇహితే అనే పల్లెలో పుట్టారు. చెల్లెలు కూడా మాతో పాటు బడికి ఎందుకు రాకూడదని అన్న అడిగితే తల్లి ఒప్పుకుంది. ఆ ఒక్క మాటతో మొదలైన చదువు 1960లో స్కాలర్‌షిప్ మీద అమెరికా దాకా వెళ్లింది. అక్కడ బయాలజీలో డిగ్రీ, పిట్స్‌బర్గ్‌లో ఎమ్మెస్.

1966లో నైరోబీ యూనివర్సిటీ కాలేజీలో ఉద్యోగం ఖాయమైందన్న ఉత్తరం చేతబట్టుకుని తిరిగొచ్చారు. తీరా వస్తే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశారు. తాను ఆడదాన్ని కావడం, తన తెగ వేరు కావడమే కారణమని ఆవిడ నమ్మారు. చివరికి హోఫ్‌మన్ అనే జర్మన్ ప్రొఫెసర్ తన పశు అనాటమీ విభాగంలోకి తీసుకున్నారు. 1971లో డాక్టరేట్ వచ్చింది. తూర్పు, మధ్య ఆఫ్రికాలో డాక్టరేట్ అందుకున్న మొదటి మహిళ ఆవిడే. 1976లో ఆ విభాగానికే అధిపతి అయ్యారు. మగ అధ్యాపకులకిచ్చే ఇల్లు, పెన్షన్ సదుపాయాలు ఆడవాళ్లకీ ఇవ్వాలని సహోద్యోగినితో కలిసి పోరాడింది కూడా ఇక్కడే.

నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం పిడుదులది. ఈస్ట్ కోస్ట్ ఫీవర్ అనే జబ్బు అక్కడ పశువుల్ని, ముఖ్యంగా విదేశీ జాతి ఆవుల్ని చంపేస్తుంది. దాన్ని మోసుకొచ్చేది పిడుదు. పరిశోధన కోసం పిడుదులు ఏరడానికి పల్లెలకు వెళ్తే, ఆవిడ చూపు వేరే వాటి మీద పడింది. ఆవులు ఎముకల గూళ్లలా ఉన్నాయి, మేత లేదు. వానొస్తే ఏర్లు ఎర్రమట్టితో పారుతున్నాయి. అడవులు కొట్టేసి టీ, కాఫీ తోటలు వేశారు, పట్టి ఉంచే వేళ్లు లేక మట్టి కొట్టుకుపోతోంది. పిడుదు కన్నా పశువులకు ఇదే పెద్ద ముప్పని అర్థమైంది. అప్పుడే జాతీయ మహిళా మండలి సమావేశాల్లో పల్లె ఆడవాళ్లు కట్టెలు లేవు, మంచినీళ్లు లేవు అంటున్నారు. కట్టెలు లేకపోతే పిల్లలకు ఉడికించి పెట్టే తిండి తగ్గుతుంది, కొన్న బ్రెడ్డు మొదలవుతుంది, పోషణ పడిపోతుంది. ఈ గొలుసంతా ఆవిడకు ఒకేసారి కనిపించింది. మైక్రోస్కోపు దగ్గర అలవాటైన చూపే అది అని నా అభిప్రాయం.

1977 జూన్ 5న నైరోబీలో ఏడు మొక్కలు నాటారు. గ్రీన్ బెల్ట్ మూవ్‌మెంట్ అలా మొదలైంది. అటవీ అధికారులు పల్లె ఆడవాళ్లకు నేల వాలు, ఎండ కోణం అంటూ పాఠాలు చెప్పి గాభరా పెట్టారు. మాథాయి మాత్రం, గింజలు నాటడం మీకు తెలియనిదా, మీకు తెలిసినట్టే చేయండన్నారు. పగిలిన కుండల్లో, పాత డబ్బాల్లో నారు పోశారు. మొక్కకు అమెరికా డబ్బుల్లో నాలుగు సెంట్లు ఇచ్చేవారు, అదీ నాటినందుకు కాదు, బతికినందుకు. డిప్లొమా లేని ఫారెస్టర్లు అని వాళ్లకు పేరు. నోబెల్ వచ్చేనాటికి 3 కోట్ల మొక్కలు దాటాయి.

1982లో ఉపఎన్నికలో నిలబడదామని యూనివర్సిటీ ఉద్యోగానికి రాజీనామా చేశారు. సాంకేతిక కారణం చూపి పోటీకి అనర్హురాలన్నారు. వెనక్కి వెళ్తే యూనివర్సిటీ చేర్చుకోలేదు, క్వార్టర్స్ కూడా ఖాళీ చేయించింది. తర్వాతి కథ మీకు కొంత తెలిసే ఉంటుంది: నైరోబీలోని ఉహురు పార్కులో 60 అంతస్తుల టవర్ కట్టకుండా అడ్డుపడటం, పోలీసు దెబ్బలు, 2002లో పార్లమెంటుకు ఎన్నిక కావడం. మన దేశం కూడా ఆవిడకు ఇందిరాగాంధీ శాంతి బహుమతి ఇచ్చింది.

2011లో కన్నుమూశారు. తన శవపేటికకు చెట్టు కొట్టొద్దని ముందే చెప్పారు. వెదురు, జమ్ము, గుర్రపుడెక్కతో చేశారు. నైరోబీ యూనివర్సిటీలో ఇప్పుడు ఆవిడ పేరుతో శాంతి, పర్యావరణ అధ్యయన సంస్థ ఉంది. ఒకప్పుడు గేటు మూసిన యూనివర్సిటీయే అది.

ఇక మీ ప్రశ్నలు అడగండి. పిడుదుల గురించి అడిగినా సరే.