ఇరవై ఒక్క రోజుల్లో ఉరి: కఠిన చట్టాల పోటీలో మరుగున పడిన ప్రశ్న

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ టోల్‌ప్లాజా సమీపంలో ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం జరిపి హత్య చేశారు. డిసెంబరు 6న చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో మరణించారు. ఆ కాల్పులు చంపాలన్న ఉద్దేశంతోనే జరిగాయని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్‌కర్ కమిషన్ 2022లో తేల్చింది. కానీ ఆనాడు ఆంధ్రప్రదేశ్ శాసనసభలో సాక్షాత్తూ ముఖ్యమంత్రే అందుకు తెలంగాణ ప్రభుత్వాన్ని అభినందించారు. కాల్పులు జరిగి వారం తిరిగేసరికి, డిసెంబరు 13న, అదే సభ దిశ బిల్లును ఏకగ్రీవంగా ఆమోదించింది.



తిరుగులేని ఆధారాలున్న అత్యాచార కేసుల్లో ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ పూర్తిచేసి మరణశిక్ష విధించేందుకు వీలు కల్పించడం ఆ బిల్లు సారాంశం. నేరశిక్షాస్మృతి ఉమ్మడి జాబితాలోని అంశం కనుక, కేంద్ర చట్టానికి భిన్నంగా రాష్ట్రం చేసే చట్టానికి రాష్ట్రపతి ఆమోదం తప్పనిసరి. ఆ ఆమోదం రాలేదు. అయినా దిశ పేరుతో పోలీస్ స్టేషన్లు వెలిశాయి, యాప్ వచ్చింది, ప్రచారం సాగింది.

ఇది ఒక్క పార్టీ తీరు కాదు. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో వైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాక, సెప్టెంబరు 3న పశ్చిమ బెంగాల్ శాసనసభ అత్యాచార నేరాలకు మరణశిక్ష విధించే వీలు కల్పించే అపరాజిత బిల్లును ఆమోదించింది. అంతవరకు ప్రభుత్వాన్ని నిలదీసిన ప్రతిపక్ష బీజేపీ కూడా దానికి మద్దతిచ్చింది. శిక్ష ఎక్కువైందని అన్న పార్టీ రేపటి ఎన్నికల్లో నేరస్థుల పక్షమన్న ముద్ర మోయాలి. కాబట్టి ఎవరూ అనరు.

శిక్ష పెంచడానికి బడ్జెట్‌లో ఒక్క రూపాయి కేటాయించనక్కర లేదు. ఫోరెన్సిక్ ప్రయోగశాలలో ఖాళీలు నింపడానికి, ప్రతి జిల్లాకు శిక్షణ పొందిన దర్యాప్తు అధికారులను ఇవ్వడానికి, పబ్లిక్ ప్రాసిక్యూటర్లను నియమించడానికి డబ్బూ, ఏళ్ల తరబడి ఓపికా కావాలి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2019లో అత్యాచార కేసుల్లో శిక్ష పడిన రేటు సుమారు 28 శాతం. అంటే విచారణ ముగిసిన కేసుల్లో మూడింట రెండు వంతులకు పైగా శిక్ష లేకుండానే ముగిశాయి. శిక్ష పడుతుందన్న నమ్మకమే లేని చోట దాని తీవ్రతను పెంచినందువల్ల నేరస్థుడిలో భయం పుడుతుందని నేను అనుకోను.

ఇంకో మాట. ఈ కేసుల్లో 90 శాతానికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే: బంధువు, పొరుగువాడు, స్నేహితుడు. ఫిర్యాదు చేస్తే మేనమామకో బాబాయికో ఉరి పడుతుందన్నప్పుడు ఒక పదేళ్ల పిల్లపై ఇంట్లో ఎంత ఒత్తిడి వస్తుందో ఆలోచించండి. నిర్భయ ఘటన తర్వాత కేంద్రం నియమించిన జస్టిస్ వర్మ కమిటీ 2013లో అత్యాచారానికి మరణశిక్ష వద్దని సిఫార్సు చేసింది. కొద్ది రోజులకే వచ్చిన ఆర్డినెన్సు కొన్ని సందర్భాలకు మరణశిక్షను చేర్చింది.

గడువులు ఇప్పటికే చట్టంలో ఉన్నాయి: 2024 జులై 1న పాత సీఆర్పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం అత్యాచార కేసు దర్యాప్తు రెండు నెలల్లో ముగియాలి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే ప్రతి నేరంలో ఘటనా స్థలానికి ఫోరెన్సిక్ నిపుణులు వెళ్లాలన్న నిబంధనను మాత్రం అయిదేళ్లలోగా ఎప్పుడైనా అమలు చేసుకునే వీలును రాష్ట్రాలకు వదిలారు. కాబట్టి ఓటు అడగడానికి వచ్చినవారిని ఉరి గురించి కాక, మన రాష్ట్రంలో ఆ నిబంధన ఎప్పటినుంచి, ఎంతమంది నిపుణులతో అమలవుతుందో అడగండి.