పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్: ఎండలో ఎంత భాగం కరెంటు కాగలదు?

[దృశ్యం: సింహాద్రి విద్యుత్ కేంద్రం జలాశయంపై తేలుతున్న సోలార్ ఫలకాలు, మిట్టమధ్యాహ్నపు ఎండ]

వ్యాఖ్యానం: విశాఖపట్నం శివార్లలో, సింహాద్రి థర్మల్ కేంద్రపు జలాశయం మీద 2021 ఆగస్టులో మొదలైన 25 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం ఇది. సుమారు 75 ఎకరాల మేర లక్షకు పైగా ఫలకాలు పరుచుకుని ఉన్నాయి. నిండు ఎండలో ఒక చదరపు మీటరు మీద దాదాపు 1000 వాట్ల వెలుగు పడుతుంది. అందులో ఎంత భాగాన్ని విద్యుత్తుగా మార్చుకోవడానికి ప్రకృతి అనుమతిస్తుంది? ఒక ప్రత్యేక స్ఫటిక నిర్మాణం ఉన్న పెరోవ్‌స్కైట్ అనే కొత్త పదార్థం వచ్చి ఆ హద్దును మార్చిందా?

[దృశ్యం: గాజువాక నుంచి మద్దిలపాలెం వెళ్లే సిటీ బస్సు, టికెట్లు కొడుతున్న కండక్టరు]

వ్యాఖ్యానం: ఒకే ధర టికెట్టు ఉన్న, చిల్లర తిరిగి ఇవ్వని బస్సును ఊహించుకోండి. టికెట్టు ధర కన్నా తక్కువ డబ్బు ఉన్నవారు ఎక్కలేరు. ఎక్కువ ఉన్నవారు ఎక్కుతారు గానీ, మిగిలిన డబ్బు వారికీ దక్కదు, బస్సు ఖాతాలోకీ చేరదు. సోలార్ సెల్‌లో ప్రయాణికులు ఫోటాన్లు, అంటే వెలుగు రేణువులు; వాటి దగ్గరి డబ్బు వాటి శక్తి, దాన్ని ఎలక్ట్రాన్ వోల్టులలో కొలుస్తారు. ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి కావలసిన కనీస శక్తి, అంటే ఆ టికెట్టు ధరనే, బ్యాండ్‌గ్యాప్ అంటారు. 1.6 ఎలక్ట్రాన్ వోల్టుల బ్యాండ్‌గ్యాప్ ఉన్న పదార్థం మీద 3.1 ఎలక్ట్రాన్ వోల్టుల ఊదారంగు ఫోటాన్ పడితే, దాదాపు సగం శక్తి క్షణంలో వేడిగా మారిపోతుంది. 1.24 ఎలక్ట్రాన్ వోల్టుల పరారుణ ఫోటాన్ పడితే, అది ఆ పొరను ముట్టనట్టే దాటిపోతుంది. ధర తగ్గిస్తే ప్రయాణికులు పెరుగుతారు, తలకు వచ్చే రాబడి తగ్గుతుంది. ధర పెంచితే దీనికి తలకిందులు.

ఈ లెక్కను భౌతిక శాస్త్రవేత్తలు విలియం షాక్లీ, హాన్స్ క్వైసర్ 1961లో పూర్తి చేశారు. నేటి ప్రామాణిక సూర్యకాంతికి ఆ పద్ధతిని వర్తింపజేస్తే, ఒకే పొర ఉన్న సెల్‌కు 1.34 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర గరిష్ఠంగా 33.7 శాతం ఎండ విద్యుత్తుగా మారుతుంది. పెరోవ్‌స్కైట్లలో మొదట పేరు తెచ్చుకున్న మిథైలమోనియం లెడ్ అయొడైడ్ బ్యాండ్‌గ్యాప్ సుమారు 1.6 కనుక దాని హద్దు 30 శాతానికి కాస్త పైన ఉంటుంది, 1.5కు దగ్గరగా ఉండే ఫార్మమిడినియం రకానికి సుమారు 32. అంటే పెరోవ్‌స్కైట్ ఈ హద్దును చెరిపేయలేదు. అది చెరిపేసిందని వినిపించే మాట సరైనది కాదు.

[దృశ్యం: చీకటి గదిలో కరెంటు ఇవ్వగానే ఎర్రగా మెరుస్తున్న పలుచని పొర]

వ్యాఖ్యానం: మరి దాని గొప్పతనం ఎక్కడుంది? నా దృష్టిలో ఈ విషయమంతటిలో అతి సుందరమైన భాగం ఇదే. వెలుగును పీల్చే ప్రతి పదార్థమూ వెలుగును వెలువరించి తీరాలని ఉష్ణగతిశాస్త్రం చెబుతుంది. తీగలు కలపకుండా సెల్‌ను ఎండలో ఉంచితే, లోపల పుట్టిన ఎలక్ట్రాన్లకు బయటికి దారి లేదు. అవి తిరిగి హోల్స్‌తో, అంటే ఎలక్ట్రాన్లు వదిలి వెళ్లిన ఖాళీలతో, కలిసిపోవలసిందే. ఆ కలయిక ప్రతిసారీ వెలుగునే ఇస్తే, 1.6 ఎలక్ట్రాన్ వోల్టుల సెల్‌లో దాదాపు 1.32 వోల్టులు నిలుస్తాయి. స్ఫటికంలోని లోపాల దగ్గర అది వేడిగా ముగిస్తే వోల్టేజి పడిపోతుంది: సెల్ నుంచి బయటికి వచ్చే వెలుగు పదోవంతుకు తగ్గిన ప్రతిసారీ సుమారు 60 మిల్లీవోల్టుల నష్టం. వెయ్యిలో ఒక్క కలయికే వెలుగుగా బయటపడితే 180 మిల్లీవోల్టులు పోయినట్టే. కాబట్టి మంచి సోలార్ సెల్ మంచి దీపం కూడా కావాలి.

ద్రావణం పూసి, తక్కువ వేడితో తయారుచేసినా పెరోవ్‌స్కైట్ పొర ఈ పరీక్షలో ఆశ్చర్యకరంగా నెగ్గుతుంది, ఎందుకంటే అందులోని లోపాలలో చాలా వరకు ఎలక్ట్రాన్లను లోతుగా బంధించవు. పైగా లోపల వెలువడిన ఫోటాన్‌ను అదే పొర మళ్లీ పీల్చుకుని ఇంకో అవకాశం ఇస్తుంది. 2009లో జపాన్‌లో మియసాకా బృందం 3.8 శాతంతో మొదలుపెట్టిన ప్రయాణం పదిహేనేళ్లలో ప్రయోగశాలలో 26 శాతం దాటడానికి మూలం ఇక్కడే ఉంది. నేటి ఫలకాల్లో ఎక్కువగా వాడే సిలికాన్ అలా కాదు. ఎలక్ట్రాన్, హోల్ కలిసినప్పటి శక్తి వెలుగు కాకుండా మరో ఎలక్ట్రాన్‌కు చేరి వేడిగా పోయే ఓజే పునఃసంయోగం అనే అనివార్య నష్టం దాని ఆచరణీయ హద్దును 29.4 శాతం దగ్గరే నిలిపేస్తుంది.

[దృశ్యం: రెండు పొరల సెల్ అడ్డుకోత చిత్రం]

వ్యాఖ్యానం: 33.7 అన్నది ఒకే టికెట్టు ధర ఉన్నప్పటి మాట. ఖరీదైన టికెట్టు బస్సు ముందు, చౌక బస్సు వెనుక నడిపినట్టు, పైన 1.7 ఎలక్ట్రాన్ వోల్టుల పెరోవ్‌స్కైట్, కింద 1.12 ఎలక్ట్రాన్ వోల్టుల సిలికాన్ పెడితే సైద్ధాంతిక హద్దు సుమారు 45 శాతానికి చేరుతుంది. చైనా కంపెనీ లాంగీ 2024లో ఇలాంటి జంట సెల్‌తో 34.6 శాతం సాధించింది. షాక్లీ, క్వైసర్ల లెక్క తప్పలేదు. ఆ లెక్కకు ఆధారమైన షరతు మారింది, అంతే. పొరలను అనంతంగా పెంచుకుంటూ పోయినా, కటకాలతో కేంద్రీకరించని మామూలు ఎండలో 68 శాతం దగ్గర దారి మూసుకుపోతుంది.

ఈ లెక్కల్లో మన్నిక లేదు. తేమకు పెరోవ్‌స్కైట్ స్ఫటికం విచ్ఛిన్నమవుతుంది కాబట్టి, విశాఖ సముద్రపు గాలిలో ఏళ్ల తరబడి నిలబడాలంటే దాన్ని గాలి చొరకుండా కట్టుదిట్టంగా మూయాలి. అది హద్దుకు సంబంధించిన ప్రశ్న కాదు గనుక ఇక్కడ ఆపుతాను. హద్దుకు సంబంధించిన చిక్కు వేరే ఉంది. బ్యాండ్‌గ్యాప్‌ను 1.7కు పెంచడానికి అయొడైడ్‌లో బ్రోమైడ్ కలుపుతారు. బ్రోమైడ్ ఎక్కువైతే వెలుగు పడగానే ఆ రెండూ విడిపోయి, అయొడైడ్ చేరిన చిన్న చిన్న గుంటలు ఏర్పడతాయి. తక్కువ బ్యాండ్‌గ్యాప్ ఉన్న ఆ గుంటల్లోకే ఎలక్ట్రాన్లు జారిపోయి, పై పొర ఇవ్వవలసిన వోల్టేజిని కిందికి లాగుతాయి. 34కు, 45కు మధ్య ఉన్న దూరంలో కొంత ఈ గుంటలదే.