శివుడి జడలో చంద్రబిళ్ళ

[పెన్న ఒడ్డు, సాయంత్రం. రంగనాయకుల గుడి గాలిగోపురం వెనక సన్నటి నెలవంక. గొంతు మాత్రమే వినిపిస్తుంది.]

ముందు పద్యం చెప్పేస్తాను. నాలుగే పాదాలు.

[తెర మీద పద్యం, ఒక్కో పాదం నెమ్మదిగా]

మామ తిట్టె గాదె, మసకబారెను రాజు,
చిక్కి చిక్కి తుదకు సిగను జేరె;
నిన్న దేవుడయ్య, నేడేమొ శివునికి
జడకు పెట్టుకున్న చంద్రబిళ్ళ.

రాసింది నేనే. తిక్కన గారి ఊళ్ళో నిలబడి పద్యం రాశానని చెప్పుకోవాలంటే కొంచెం టెన్షన్‌గానే ఉంది. ఆటవెలదే కదా, పర్లేదులే అని ధైర్యం తెచ్చుకున్నా.

[పెళ్ళి వీడియో ముక్క. పెళ్ళికూతురి తల వెనక నుంచి]

ఇది మా పెద్దమ్మ కూతురి పెళ్ళిలో పుట్టింది. మూలపేటలో పెళ్ళి. జడ సామానంతా అద్దెకి తెచ్చారు. పాపిటబిళ్ళ, దానికి కుడివైపు సూర్యుడు, ఎడమవైపు చంద్రుడు, వెనక రాకిడి, కింద జడకుప్పెలు. సరిగ్గా తలంబ్రాల వేళకి చంద్రుడి కొక్కెం ఊడింది. అబ్బాయి దోసిలితో బియ్యం పోయడం, చంద్రుడు జారి తలంబ్రాల పళ్ళెంలో పడడం ఒకేసారి జరిగాయి. మా అమ్మమ్మ ఒకటే కేక: "చంద్రుడు పడిపొయినాడే! ఎవురన్నా ఎతకండే!" పట్టుచీరల వాళ్ళంతా పసుపు బియ్యంలో చేతులు పెట్టి చంద్రుణ్ణి వెతకడం మొదలుపెట్టారు. అయ్యవారు మంత్రం ఆపలేదు, గొంతు కాస్త పెంచారంతే.

ఆ బియ్యం చూస్తుంటే తట్టింది. ఈయన పడడం ఇదే మొదటిసారి కాదు కదా!

[తెర మీద: మొదటి పాదం. "మామ" అన్న మాట పెద్దదవుతుంది]

మామ అంటే దక్షుడు. ఆయన కూతుళ్ళు 27 మందిని చంద్రుడికిచ్చి చేశాడు. వాళ్ళే మన 27 నక్షత్రాలు, అశ్విని మొదలు రేవతి దాకా. చంద్రుడు రోజుకొకరి ఇంట్లో ఉండాలి. ఈయనేమో రోహిణి ఇల్లు వదిలితే ఒట్టు. మిగతా 26 మంది పుట్టింటికి పోయి నాన్న దగ్గర ఏడ్చారు. దక్షుడు రెండుసార్లు నచ్చజెప్పి, విసిగి, "క్షయించిపో" అని శపించాడు.

[చుక్కల పటం. వృషభరాశిలో ఎర్రటి చుక్క వెలుగుతుంది]

కథ సరే, ఆకాశంలో కూడా దీనికో ఆధారం ఉంది. చుక్కల మధ్య చంద్రుడు ఒక చుట్టు తిరిగి రావడానికి సుమారు 27.3 రోజులు పడుతుంది. రోజుకొక నక్షత్రం లెక్క అక్కణ్ణుంచే వచ్చింది. దారిలో చంద్రుడు నేరుగా కప్పేయగలిగిన పెద్ద చుక్కలు నాలుగున్నాయి: రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ. వాటిలో బాగా మెరిసేది రోహిణే. 2015 నుంచి 2018 దాకా ప్రతి చుట్టులోనూ, భూమ్మీద ఎక్కడో ఒకచోటి వాళ్ళకి, చంద్రుడు రోహిణిని కప్పుతూ కనిపించాడు. మూడేళ్ళకి పైగా ఒకే ఇల్లు! మిగతా అక్కచెల్లెళ్ళకి ఒళ్ళు మండదా?

ఇప్పుడు "రాజు". ఇదేదో పద్యం నింపడానికి వేసిన మాట అనుకోకండి. రాజు అంటే చంద్రుడనే అర్థం కూడా ఉంది, రేరాజు అంటాం కదా. ఆయుర్వేదంలో క్షయకి రాజయక్ష్మ అని పేరు. చరక సంహితలో ఆ వ్యాధి చికిత్స చెప్పే అధ్యాయంలో ఈ దక్షుడి శాపం కథే వస్తుంది. చంద్రుడికి ముందు వచ్చింది కాబట్టి ఆ జబ్బు రాజయక్ష్మ అయింది. అంటే మన ఆసుపత్రి గోడల మీద "క్షయ నివారణ" అని రాసి ఉంటుందే, ఆ క్షయకి మొదటి రోగి పైన ఉన్నాడు.

[రెండో పాదం. "చిక్కి చిక్కి"]

ఈ పాదం నాకు ఇష్టం, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. చిక్కడం అంటే సన్నబడడం. "ఏందబ్బా, అట్టా చిక్కిపొయినావు" అంటారు చూడండి, అది. చిక్కడం అంటే దొరికిపోవడం కూడా. ఇక జుట్టుకి పడేది ఏమిటి? చిక్కే! రోజుకొక కళ పోగొట్టుకుంటూ చిక్కాడు, చివరికి శివుడి జడల్లో చిక్కుకున్నాడు. అసలే దువ్వెన ఎరగని తల. పైగా గంగ తడి. అందులో ఇరుక్కున్న వాడు మళ్ళీ బయటికొస్తాడా?

కథలో ఆయన ప్రభాస తీర్థానికి పోయి శివుణ్ణి పట్టుకున్నాడు. గుజరాత్‌లో సోమనాథ్ ఉన్న చోటు అదే. సోముడికి నాథుడు కాబట్టి సోమనాథుడు. దక్షుడి మాట పూర్తిగా కొట్టేయడం శివుడి వల్ల కూడా కాలేదు. అప్పీలులో శిక్ష సగానికి తగ్గింది: పదిహేను రోజులు తగ్గు, పదిహేను రోజులు పెరుగు. (క్షీరసాగరంలో పుట్టిన చంద్రుణ్ణి, హాలాహలం వేడికి చల్లగా ఉంటుందని శివుడు తల మీద పెట్టుకున్నాడని ఇంకో కథ కూడా చెబుతారు. నా పద్యానికి మామగారి కథే కావాలి.)

[మూడు, నాలుగు పాదాలు కలిపి]

పద్యం వినగానే మా బాబాయి ఒక అభ్యంతరం చెప్పాడు. "ఏరా, దేవుణ్ణి పట్టుకుని జడబిళ్ళ అంటావా?" అనడానికి నేనెవర్ని? చంద్రమౌళి, చంద్రశేఖరుడు, ఇందుశేఖరుడు, ఈ పేర్లన్నీ అంటున్నది అదే కదా. శేఖరం అంటే తలలో పెట్టుకునే అలంకారం. భైరవకోన పోయేవాళ్ళు దాటే చంద్రశేఖరపురం పేరు విడదీసి చూడండి, చంద్రుణ్ణి నగగా పెట్టుకున్న వాడి ఊరు. బస్సు బోర్డు మీద సి.ఎస్. పురం అని కుదించేసరికి నగ పోయి పొడి అక్షరాలు మిగిలాయి.

కానీ బాబాయి అడిగినదాంట్లో పస ఉంది. దేవుడు నగ కావడం పడిపోవడమా, ఎక్కడమా? దీని జవాబు మొదటి పాదంలోనే దాచాను. మామ. దక్షుడు చంద్రుడికి ఒక్కడికే మామ కాదు. సతీదేవి ఆయన కూతురే. అంటే శివుడూ చంద్రుడూ తోడల్లుళ్ళు! ఇద్దరికీ ఒకే మామ, ఇద్దరితోనూ మామకి పడదు. ఒకణ్ణి శపించాడు, ఇంకొకణ్ణి యజ్ఞానికి పిలవకుండా అవమానించాడు. మామ తిట్టి వెళ్ళగొట్టిన షడ్డకుణ్ణి పెద్దల్లుడు తీసుకెళ్ళి నెత్తిన పెట్టుకున్నాడు. చుట్టరికం తెలిసిన వాళ్ళకి ఇందులో ఎంత పొగరుందో అర్థమవుతుంది. మామగారు ఎప్పుడు చూసినా కనబడేలా అన్నమాట! (చివరికి ఆ మామకి మేకతల మిగిలింది, అది వేరే వీడియో.)

నిజానికి "పెద్దల్లుడు" అన్నది నా సొంత కవిత్వం. వరస ఎవరిదో పెద్ద, ఎవరిదో చిన్న, మీ ఇంట్లో పెద్దవాళ్ళతో తేల్చుకోండి.

[గోపురం వెనక నెలవంక, దగ్గరగా]

ఇది ఫాల్గుణ మాసం తీసిన షాట్. నెలవంక పడవలా వెల్లకిలా పడుకుని ఉంది చూడండి. తుర్కియే జెండాలో నిలబడి ఉంటుంది, మనకి ఈ నెలల్లో ఇలా. నెల్లూరు భూమధ్యరేఖకి ఉత్తరంగా 14 డిగ్రీల చిల్లరే కాబట్టి, ఫాల్గుణ చైత్రాల్లో సూర్యుడు దాదాపు చంద్రుడికి సూటిగా కిందికి దిగుతాడు. వెలుగు కింది అంచుకి తగులుతుంది. జడలో గుచ్చడానికి తయారు చేసినట్టే ఉంటుంది. ఆశ్వయుజంలో అయితే పక్కకి ఒరుగుతుంది.

ఛందస్సు పిచ్చి ఉన్నవాళ్ళకి ఒక చిన్న తాయిలం. ఆటవెలదిలో మొదటి, మూడో పాదాలకి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాలకి అయిదూ సూర్యగణాలే. తెలుగులో చంద్రగణాలు కూడా ఉన్నాయి, 14 రకాలు. అవి వాడేది అక్కరలు అనే పద్యాల్లో. కాబట్టి చంద్రుడి మీద రాసిన ఈ పద్యంలో ఒక్క చంద్రగణానికి కూడా చోటు దొరకలేదు. పాపం, ఇక్కడా మామగారే అడ్డం పడ్డాడేమో.

[మళ్ళీ పెళ్ళి వీడియో. నల్లదారంతో కట్టిన చంద్రబిళ్ళ]

మా చంద్రుడు ఆరోజు బియ్యంలో దొరికాడు. అమ్మమ్మ నల్లదారంతో కట్టి పెట్టింది, అరుంధతి దర్శనం దాకా నిలిచాడు. రెండోరోజు జడ సామాను తిరిగిచ్చేదానికి నేనే వెళ్ళా. కొట్టాయన పెట్టె తెరిచి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుని, కళ్ళజోడు పైకి నెట్టి, నోటు పుస్తకంలో రాసుకున్నాడు:

"సూర్యుడు 1. చంద్రుడు 1, రిపేరు."